ఎనిమిది ఆవుల కొట్టంలో నాలుగు డెక్స్‌టర్లు: పశ్చిమ క్లేర్ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 24

మేము అద్దెకుంటున్న ఇల్లు ఐర్లండ్ పశ్చిమ తీరాన, క్లేర్ కౌంటీలో, లిస్కానర్‌కు నాలుగు మైళ్ళ లోపల ఒక పాత రైతు కుటుంబం ఆవరణలోనే ఉంది. ఇంటి యజమానికి డెబ్బై రెండేళ్ళు. ఈ డైరీలో ఆయనను పెద్దాయన అనే రాస్తాను. ఆయనకున్నది ముప్పై హెక్టార్ల చిల్లర పొలం. 2020 వ్యవసాయ గణనలో ఈ దేశపు సగటు కమతం 33 హెక్టార్ల పైచిలుకుగా తేలింది కాబట్టి, ఆయన పెద్ద రైతూ కాదు, చిన్న రైతూ కాదు. మాంసం కోసం పెంచే షారొలే సంకర ఆవులు ఇరవై రెండు ఉన్నాయి. అవి చలికాలమంతా, పేడ కింది తొట్టెలోకి జారేలా సందులున్న సిమెంటు పలకల నేల గల స్లాటెడ్ షెడ్డులో గడుపుతాయి. నేను రాయబోయేది వాటి గురించి కాదు. ఆ షెడ్డు వెనక, ముప్పై ఏళ్ళుగా పాత టైర్లకూ ఖాళీ ఎరువుల సంచులకూ నిలయమైన రాతి కొట్టం గురించి.

ఈ రోజు టేపు పట్టుకుని కొలతలు తీశాము. లోపలి పొడవు ఇరవై ఎనిమిది అడుగులు, వెడల్పు పద్నాలుగు అడుగులు, గోడల మందం రెండడుగులు. కప్పు లిస్కానర్ రాతి పలకలది. ఇవి ఈ చుట్టుపక్కల క్వారీల్లో తవ్వే నల్లటి బూడిదరంగు పలకలు; ముప్పై కోట్ల ఏళ్ళ కిందట సముద్రపు అడుగున బురదలో పాకిన పురుగులాంటి జీవుల జాడలు వాటి మీద మెలికలు మెలికలుగా అచ్చుపడి ఉంటాయి. మన ఇళ్ళలో కడప బండలు పరిచినట్టు ఇక్కడ వీటిని నేలకు పరుస్తారు, పొలం గట్టుకు నిలువుగా పాతుతారు, కప్పుకూ వేస్తారు. అంగుళం మందమున్న పలక చదరపు మీటరుకు అరవై కిలోలు దాటుతుంది. వాటిని మోస్తున్న దూలాల్లో రెండు చివికిపోయి ఉన్నాయి.

లోపలి అమరిక ఇంకా చెక్కుచెదరలేదు. గోడ వెంట రెండడుగుల గాడి, తరువాత ఆవు నిలబడే అయిదడుగుల రాతి అరుగు, దాని వెనక రెండడుగుల పేడకాలువ, ఆ తరువాత మనిషి నడిచే అయిదడుగుల దారి. అడ్డంగా కూడితే సరిగ్గా పద్నాలుగు. నిడివిలో జంటకు ఏడడుగుల చొప్పున నాలుగు జంటలు, జంటకూ జంటకూ మధ్య ఒక నిలువు పలక. ఆవు నిలబడే అరుగు అంత పొట్టిగా ఎందుకని అడిగాను. ఆవు తోక అరుగు అంచుకు సరిగ్గా వస్తే పేడ కాలువలోనే పడుతుంది, అరుగు పొడిగా ఉంటుంది. ఇంకో అడుగు పెంచితే పడుకునే చోటే పేడవుతుంది అని పెద్దాయన చెప్పాడు. ఈ కొట్టం ఖాళీ పడడానికి కారణమూ అదే అయిదడుగులు. ఆయన తండ్రి కాలం నాటి పొట్టి ఆవులు పోయి, ఫ్రీజియన్లూ తరువాత షారొలేలూ వచ్చాక వాటి వెనక కాళ్ళు కాలువలోనే ఉండేవి.

కాబట్టి ఈ ప్రాజెక్టులో కొట్టాన్ని ఆవుకు తగినట్టు పెంచడం లేదు, కొట్టానికి తగిన ఆవును తెస్తున్నాము. పెద్దాయన నాలుగు డెక్స్‌టర్ చూడి ఆవులకు బేరం కుదుర్చుకున్నాడు. డెక్స్‌టర్ ఐర్లండ్ నైరుతి మూలకు చెందిన పాత జాతి. ఆవు భుజం ఎత్తు మీటరుకు కాస్త అటూ ఇటూ, బరువు మూడు వందల నుంచి మూడు వందల యాభై కిలోలు. మన పుంగనూరు ఆవంత పొట్టి కాదు గాని, ఒంగోలు ఆవుల మధ్య పెరిగిన నా కంటికి మొదటిసారి చూసినప్పుడు అది పెయ్యదూడలాగే కనిపించింది.

సెప్టెంబరు 7

పని మొదలుపెట్టలేదు, మొదలుపెట్టకూడదు కూడా. దూలానికి పిచ్చుకగూడంత మట్టి గూళ్ళు మూడున్నాయి. వాటిలో ఒకదానిలో ఈ వేసవి రెండో విడత వానకోవెల పిల్లలు ఇంకా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అవి ఆఫ్రికాకు బయలుదేరేదాకా కప్పు మీద చెయ్యి వెయ్యడం చట్టరీత్యా తప్పు. గబ్బిలాల సంగతి అంతకంటే కఠినం. చిన్న గుర్రపులాడం గబ్బిలం ఐర్లండ్ మొత్తంలో పడమటి తీరపు ఆరు కౌంటీల్లోనే ఉంది, వాటిలో క్లేర్ ఒకటి. దానికి ఇష్టమైన నివాసం ఇలాంటి పాడుబడ్డ రాతికొట్టాలే. పాత వ్యవసాయ కట్టడాలను బాగుచేసుకునే రైతులకు హెరిటేజ్ కౌన్సిల్ ద్వారా గ్రాంటు ఇచ్చే పథకం ఒకటుంది. ఆ పథకంలో కూడా పక్షులూ గబ్బిలాలూ ఉన్నాయో లేదో నిపుణులు చూసి చెప్పాకే పని మొదలవుతుంది. మా కొట్టం చూడడానికి వచ్చిన నిపుణురాలు సాయంత్రం గంటసేపు గుమ్మం దగ్గర యంత్రం పట్టుకుని కూర్చుని, గబ్బిలాల కాపురం లేదని తేల్చింది. అటకలో మాత్రం ఎండిన రెట్టల ఆనవాలు చూపించి, ఒక దారి తెరిచి ఉంచమని సలహా ఇచ్చింది. ఆ మాటను తేలికగానే తీసుకున్నాను.

పని లేని ఈ రెండు వారాలూ పెద్దాయన కబుర్లతోనే గడిచాయి. ఈ కొట్టం ఒక చివర పాత ఇంటి గోడకు ఆనుకుని ఉంది. ఆ గోడలో రాళ్ళతో పూడ్చిన తలుపు ఆకారం ఇప్పటికీ కనబడుతుంది. పడమటి ఐర్లండ్‌లో ఒకప్పుడు మనుషులూ ఆవులూ ఒకే కప్పు కింద బతికేవారు. ఎగువ చివర పొయ్యి, దిగువ చివర ఆవులు, మధ్యలో నేలకు అడ్డంగా మురుగుకాలువ. ఆవుకు పొయ్యిలో మంట కనబడుతుంటే పాలు ఎక్కువిస్తుందని నమ్మేవారట. వంటింటి బీరువా అడుగు అరల్లో కమ్మీలు బిగించి కోళ్ళను పెట్టుకునేవారు. కోడి వెచ్చగా ఉంటే చలికాలంలో కూడా గుడ్డు పెడుతుంది, ఆ గుడ్ల డబ్బు ఇల్లాలిది. పందిని అద్దె కట్టే దొరగారు అని పిలిచేవారు, ఎందుకంటే భూస్వామికి కట్టవలసిన అద్దె ఆ పందిని అమ్మితేనే వచ్చేది. ఐరిష్‌లో ఆవును బో అంటారు, దారిని బోహర్ అంటారు. ఆవు నడిచేది కాబట్టే అది దారి. ఆ బో, సంస్కృతం నుంచి మనకు వచ్చిన గోవు, రెండూ ఒకే మూలం నుంచి పుట్టిన మాటలని నేను చెప్పినప్పుడు పెద్దాయన నమ్మలేదు. ఆయన మనవరాలు ఫోనులో వెతికి చూపించాక ఒప్పుకున్నాడు.

సెప్టెంబరు 29

గూళ్ళు ఖాళీ అయ్యాయి. చివికిన దూలాలు రెండూ మార్చాము. పలకలు దించి, అంకెలు వేసి, గడ్డిలో వరుసగా పేర్చి, మళ్ళీ అదే వరుసలో ఎక్కించడానికి అయిదుగురికి నాలుగు రోజులు పట్టింది. చూరు దగ్గర పెద్ద పలకలు, పైకి వెళ్ళేకొద్దీ చిన్నవి. ఇరుగుపొరుగు వచ్చి కూలి లేకుండా సాయపడడాన్ని ఇక్కడ మెహెల్ అంటారు; మన బదలు పని లాంటిదే. నా పని మోయడం, అంకెలు వేయడం వరకే.

అక్టోబరు 12

గోడల పని. దీన్ని కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే ఈ ప్రాజెక్టులో సగం ఇదే.

1970ల్లో ఎవరో ఈ గోడల సందులన్నిటికీ సిమెంటు పూశారు. బయటి నుంచి చూస్తే గట్టిగా, శుభ్రంగా కనబడుతుంది. కాని రాతిగోడలోకి వాన ఎలాగూ దిగుతుంది. అట్లాంటిక్ మీద నుంచి అడ్డంగా కొట్టే వానకు రెండడుగుల గోడ కూడా లెక్క కాదు. సున్నం సందుల్లో ఉన్నంతకాలం ఆ తడి సున్నం గుండా మళ్ళీ బయటికి ఆరిపోయేది. సిమెంటు పడ్డాక తడికి దారి మూసుకుపోయి, లోపలి గోడంతా ఏడాది పొడుగునా చెమ్మగానే ఉండిపోయింది. సుత్తి, ఉలి పట్టుకుని ఆ సిమెంటును పెచ్చులు పెచ్చులుగా తీస్తుంటే వెనక ఉన్న పాత సున్నం తడిసిన బెల్లంలా చేతికి అంటుకుంది. మూడు వారాంతాలు కేవలం తీయడానికే సరిపోయాయి.

కొత్త సందులకు ఎన్.హెచ్.ఎల్. 3.5 రకం సహజ హైడ్రాలిక్ సున్నం (నీటితో కలిస్తే గట్టిపడేది) ఒక పాలు, గరుకు ఇసుక రెండున్నర పాళ్ళు కలిపాము. సందును దాని వెడల్పుకు రెండింతల లోతున శుభ్రం చేయాలి, గోడను ముందు తడపాలి, సున్నాన్ని గట్టిగా కూరాలి, సగం ఆరాక కుచ్చు బ్రష్షుతో కొట్టాలి, ఆ తరువాత కొన్ని రోజులు తడి గోనెపట్టాలు వేలాడదీసి నెమ్మదిగా ఆరనివ్వాలి. ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే తగ్గితే పని ఆపాలి, మంచు పడితే చేసిందంతా పొడిగా రాలిపోతుంది. అంటే సెప్టెంబరు చివర వానకోవెలలు వెళ్ళినప్పటి నుంచి నవంబరులో మంచు మొదలయ్యేదాకా, నడుమ దొరికేది ఆరేడు వారాలే. ఈ దేశంలో పాత కట్టడాల పని చేసేవారంతా ఆ సందులోనే పరుగెడతారు.

వెనక గోడలో నిలువు సందులు అయిదు బయటపడ్డాయి. బయటి వైపు నాలుగంగుళాలు, లోపలి వైపు అడుగు వెడల్పు. వాటిలో మూడింటిని సిమెంటుతో మూసేశారు. అన్నీ తెరిచాము. అవి కిటికీలనుకున్నాను. పెద్దాయన నవ్వి, వెలుతురు కోసం అయితే అంత ఇరుగ్గా ఎవడు కడతాడన్నాడు.

అక్టోబరు 20

నేల. పాత రాతి అరుగును కదిలించలేదు, ఎగుడుదిగుడైన చోట ఇసుక వేసి సరిచేశాము. పేడకాలువకు అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు ఇచ్చాము. పూడిపోయిన చివరి తూము నుంచి బయట ఎరువు దిబ్బ దాకా పారేలా దారి తెరిచాము. గొలుసుతో మెడకు కట్టే పాత పద్ధతి మాత్రం మళ్ళీ పెట్టలేదు. మధ్య పలకల్లో రెండింటిని ఉంచి మిగిలినదాన్ని తీసి, నాలుగు ఆవులూ విడిగా తిరిగేలా, గడ్డి పరుపు మీద పడుకునేలా అమర్చాము. ఎనిమిదింటి చోటులో నాలుగే కాబట్టి ఒక్కోదానికి తొమ్మిది చదరపు మీటర్లు వస్తుంది. పెద్దాయనకు ఇది పూర్తిగా ఇష్టం లేదు. ఆయన దృష్టిలో కట్టని ఆవు మాలిమి కాదు. నేను చిన్నప్పుడు పలుపు పట్టుకుని తిరిగినవాణ్ణి కాబట్టి ఆయన మాటలో నిజం ఉందనే అనుకుంటున్నాను. అయినా చలికాలం అయిదు నెలలు ఒకే చోట నిలబెట్టడం ఈ రోజుల్లో చేయదగిన పని కాదని ఇద్దరమూ ఒప్పుకున్నాము.

లోపలి గోడలకు సున్నం వెల్ల వేశాము, పలచగా నాలుగు పూతలు. సంక్రాంతికి ముందు మా ఊళ్ళో వేసే వెల్ల వాసనే. వేసిన రోజు నీళ్ళలా కనబడి, ఆరాక తెల్లబడే ఆ గుణం ఇక్కడి పిల్లలకు వింత. పాత రోజుల్లో ఈ వెల్ల అందానికి కాదు, సూక్ష్మజీవులను చంపడానికి ఏటా కొట్టేవారు.

అక్టోబరు 29

ఈ వారాంతం పొరుగున ఉన్న బర్రెన్‌కు వెళ్ళాము. ఆవుల ఇంటి గురించి ఇంత శ్రమపడుతున్న మాకు అక్కడ కనబడింది పూర్తిగా తలకిందుల లోకం. మిగతా ఐర్లండ్ అంతా చలికాలంలో పశువులను లోపలికి తోలితే, బర్రెన్ రైతులు అదే సమయంలో వాటిని సున్నపురాతి గుట్టల మీదికి తోలుతారు. వేసవి ఎండను పీల్చుకున్న రాయి చలికాలంలో నేలను మరీ చల్లబడనివ్వదు, నీరు రాతి సందుల్లోకి ఇంకిపోతుంది కాబట్టి కాలి కింద బురద ఉండదు. ఆవులు మేసి అక్కడి గడ్డి మందం తగ్గించడం వల్లనే వసంతంలో ఆ గుట్టల మీద పూలు వస్తాయి. దీన్ని వింటరేజ్ అంటారు, అక్టోబరు చివర ఒక వారాంతం దాని పేరున పండుగ చేస్తారు. ఒక రైతు ఆవులను తోలుతూ గేటు దగ్గర ఆగి, చలికి పశువు చెడదు, బురదకూ తడికీ చెడుతుంది అన్నట్టు ఏదో చెప్పాడు. నేను తల ఊపాను గాని మనసుకు ఎక్కించుకోలేదు.

నవంబరు 6

డెక్స్‌టర్లు వచ్చాయి. మూడు నల్లవి, ఒకటి ఎర్రది. ప్రతిదానికీ రెండు చెవులకూ పసుపు పచ్చని ట్యాగులు, వాటి పాస్‌పోర్టులు పెద్దాయన జేబులో. మా నలుగురికీ కలిపి ఉన్న పాస్‌పోర్టుల కంటే వీటికే సరిగ్గా ఉన్నాయని నా భార్య అంది. ట్రెయిలరు దిగిన ఎర్రది గుమ్మం దగ్గర ఆగి, గోడను నాకి, సున్నం రుచి చూసి, తరువాతే లోపలికి నడిచింది.

పరుపుకు బార్లీ గడ్డి కొన్నాము. అది తూర్పు కౌంటీల నుంచి వస్తుంది కాబట్టి ఇక్కడ ఖరీదు ఎక్కువ. ఒకప్పుడు ఈ ప్రాంతంలో తుంగజాతి రెల్లును, పీట్ (చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్ళి ఏర్పడిన మన్ను) పొడిని పరుపుగా వాడేవారు; మేమూ పెద్దాయన చిత్తడి పొలంలోని రెల్లును కోసి అడుగు పొరగా పరిచాము. పైన గడ్డి. రోజూ పేడ తీస్తే తీసినంత, మిగిలినది పొరలు పొరలుగా పెరిగి కింద నుంచి కాస్త వేడి ఇస్తుంది. దీన్ని వసంతంలో ఒకేసారి ఎత్తాలి. ఎరువు చల్లడానికి కూడా ఇక్కడ తేదీలున్నాయి. స్లాటెడ్ షెడ్డు అడుగు తొట్టెలోని ద్రవరూప పేడను అక్టోబరు 1 నుంచి, గడ్డి కలిసిన గట్టి పేడ ఎరువును నవంబరు 1 నుంచి పొలంలో చల్లకూడదు; క్లేర్‌లో ఆ నిషేధం జనవరి 15 దాకా. వానకు కొట్టుకుపోయి వాగుల్లో కలుస్తుందని. అందుకే ఈ కౌంటీలో ప్రతి రైతుకూ పద్దెనిమిది వారాల పేడ నిలవచేసే చోటు ఉండాలి.

నవంబరు 21

నా తప్పు.

మొన్న రాత్రి మొదటి గట్టి మంచు. కిటికీ అద్దాలు తెల్లబడ్డాయి. నాలుగూ చూడి ఆవులు, అందులో రెండు మొదటి చూలివి, గోడకు అయిదు సందులు బార్లా తెరిచి ఉన్నాయన్న ఆలోచనతో నాకు నిద్ర పట్టలేదు. పదకొండింటికి లేచి వెళ్ళి, అయిదు సందుల్లోనూ గడ్డి నింపిన సంచులు కూరి, ఇక్కడి తలుపులు నడుముకు అడ్డంగా రెండు ముక్కలుగా ఉంటాయి కాబట్టి పై సగం కింది సగం రెండూ బిగించి, ఎంతో మేలు చేశాననుకుంటూ వచ్చి పడుకున్నాను. రెండో రాత్రి కూడా అలాగే.

ఈ తెల్లవారి తలుపు తీయగానే కళ్ళు మండాయి. మూత్రం తాలూకు అమ్మోనియా. లాంతరు పైకెత్తితే రాతిపలకల అడుగున నీటి చుక్కలు వరుసలు కట్టి ఉన్నాయి, ఒకటి నా మెడ మీద పడింది. ఆవుల వీపులు తడిసి, బొచ్చు పాయలు పాయలుగా అంటుకుపోయింది. ఎర్రది తల వంచి దగ్గుతోంది. పెద్దాయన వచ్చి నన్నేమీ అనలేదు. పైకి చూశాడు, గోడ దగ్గరికి నడిచి సంచులు ఒక్కొక్కటే లాగి బయట పడేశాడు. ఆఖరిది లాగాక మాత్రం, "చలి నీకు వేసింది, వాటికి కాదు," అన్నాడు.

వెటర్నరీ డాక్టరు వచ్చి ఎర్రదానికి జ్వరం చూసి, ఊపిరితిత్తుల్లో నెమ్ము మొదలవుతోందని ఇంజెక్షను ఇచ్చింది. ఎండిన బొచ్చు, నిండిన పొట్ట ఉన్న ఆవుకు సున్నా డిగ్రీలు ఇబ్బంది కాదు. దాని పొట్టలో మేత పులుస్తూ ఉంటే అదే పొయ్యి. కాని ఒక్కో ఆవు ఊపిరి ద్వారా, ఒంటి ద్వారా రోజుకు లీటర్లకొద్దీ నీటిని ఆవిరిగా వదులుతుంది. ఆ ఆవిరికి దారి లేకపోతే చల్లటి రాతికి తగిలి మళ్ళీ వాటి మీదే కురుస్తుంది. మా ప్రాంతంలో కొట్టం కట్టేవాడి బెంగంతా ఎండ గురించి, నీడ గురించి; అక్కడి కొట్టానికి మూడు వైపులా గోడే ఉండదు, గాలి ఆడుతుందా అన్న ప్రశ్నే పుట్టదు. ఆ ప్రశ్న అడగడం తెలియని నేను ఇక్కడికొచ్చి చలినే శత్రువనుకున్నాను.

నవంబరు 24

ఎర్రదానికి జ్వరం తగ్గింది, మేత తింటోంది.

ఆవులను బయటికి తోలి పొగ పరీక్ష చేశాము. రేకు బకెట్టులో తడిగడ్డి కాల్చి కొట్టం మధ్యలో పెట్టాము. అయిదు సందుల నుంచి చల్లగాలి లోపలికి రావడం పొగ కదలికలోనే కనబడింది; నేల మీదుగా కాదు, ఆవు వీపు ఎత్తున, విడిపోయి మెత్తగా. బయట ఇరుకుగా లోపల వెడల్పుగా ఎందుకు కట్టారో అప్పుడు అర్థమైంది: గాలి లోపలికి వచ్చేటప్పటికి వేగం తగ్గి పరుచుకుంటుంది, వాన మాత్రం రాలేదు. కాని పైకి లేచిన పొగ ఉత్తరపు గోడ శిఖరం దగ్గర మబ్బులా కట్టుకుని కదలలేదు. సంచులు తీశాక కూడా ఆ మూల తడి ఎందుకుందో తెలిసింది. నిచ్చెన వేసి చూస్తే, శిఖరం కింద అడుగు చదరపు గూడు ఒకటి, సిమెంటు ఇటుకతో మూసి ఉంది. గబ్బిలాల నిపుణురాలు తెరవమన్నది సరిగ్గా దాన్నే. ఇటుక పగలగొట్టిన నిమిషంలో పొగ అంతా ఆ గూటి గుండా తాడులా బయటికి సాగిపోయింది. పెద్దాయన కిందనుంచి చూస్తూ, తన చిన్నప్పుడు అక్కడ తెల్లగుడ్లగూబ కాపురముండేదని, అది వచ్చిపోయే దారి అనే ఇంతకాలం అనుకున్నానని చెప్పాడు.

డిసెంబరు 15

చెప్పుకోదగ్గ పని లేదు. కోళ్ళ గూటికి కొత్త గడియ వేశాము, నక్క రెండుసార్లు తవ్వి చూసింది. ఇక్కడ ఒక్క కోడి ఉన్నా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. 2022 నవంబరులో బర్డ్ ఫ్లూ భయంతో దేశంలోని కోళ్ళన్నిటినీ లోపలే ఉంచమని ఉత్తర్వు వచ్చినప్పుడు, పెరట్లో పన్నెండు కోళ్ళున్న పెద్దాయన ఇంటావిడ కూడా వాటిని నెలల తరబడి గూట్లోనే మేపవలసి వచ్చిందట. వంటింటి తొక్కలూ మిగిలిన అన్నమూ కోళ్ళకు వేయబోతే ఆమె నన్ను ఆపింది. వంటగది దాటిన ఆహారాన్ని పశువులకు పెట్టడం ఇక్కడ నిషేధం. కుడితి తొట్టి లేని ఇల్లు నాకు ఇంకా అలవాటు కాలేదు.

జనవరి 16

నిన్నటితో నిషేధం ముగిసింది, ఈ రోజు పెద్దాయన స్లాటెడ్ షెడ్డు తొట్టెను కలియబెట్టాడు. నన్ను అటువైపు రానివ్వలేదు. నెలల తరబడి నిలవున్న పేడను కదిపిన మొదటి నిమిషాల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఒకటి రెండు గుక్కలకే మనిషి పడిపోతాడు. పశువులన్నిటినీ బయటికి తోలి, తలుపులన్నీ తెరిచి, గాలి వీచే రోజు చూసుకుని, యంత్రం ఆన్ చేశాక కనీసం అరగంట ఎవరూ దగ్గరికి వెళ్ళకూడదు. పెద్దాయన వాచీ చూసుకుంటూ గేటు అవతల నలభై నిమిషాలు నిలబడ్డాడు. పాత కొట్టంలో గడ్డి మీది పేడను తట్టతో మోయడం నడుముకు శిక్షే గాని, అక్కడ ఈ భయం లేదు.

జనవరి 22

క్షయ పరీక్ష. ఏటా ప్రతి మందకూ తప్పనిసరి. డాక్టరు సోమవారం వచ్చి, మెడ మీద రెండు చోట్ల బొచ్చు కత్తిరించి, చర్మం మందం కొలిచి, పైన పక్షుల క్షయ, కింద పశువుల క్షయ ట్యూబర్‌క్యులిన్ సూది వేసింది. డెబ్బై రెండు గంటల తరువాత, అంటే ఈ రోజు, మళ్ళీ కొలిచింది. కింది మచ్చ పైదాని కంటే ఎక్కువ వాస్తే మంద మొత్తానికి అమ్మకాలు బంద్. షారొలేల కోసం కట్టిన ఇనుప బోనులో డెక్స్‌టర్ నిలబడితే మెడ బిగించే కడ్డీలు దాని తల పైనే ఉండిపోయాయి. నల్లదొకటి తాపీగా లోపలే వెనక్కి తిరిగి, వచ్చిన దారినే బయటికి నడిచింది. చివరికి మాలిమి చేసిన తాడే పనికొచ్చింది. పెద్దాయన ఆ సంగతి నాకు గుర్తుచేయకుండా ఉండలేదు. అన్నీ బాగున్నాయి.

ఫిబ్రవరి 2

నిన్న సెయింట్ బ్రిజిడ్ పండుగ. 2023 నుంచి దీనికి దేశమంతా సెలవు. రెల్లును కోయకుండా చేత్తో పీకి, నాలుగు చేతుల శిలువ అల్లుతారు. ఇంటి గుమ్మానికి ఒకటి, కొట్టానికి ఒకటి. ఇంటావిడ అల్లిన రెండోదాన్ని నేనే దూలానికి కట్టాను.

తెల్లవారుజామున ఎర్రది ఈనింది. నేను వెళ్ళేసరికే దూడ పచ్చిగా, ఆవిరులు కక్కుతూ గడ్డిలో ఉంది, తల్లి గరుకు నాలుకతో దాన్ని అటూ ఇటూ దొర్లిస్తోంది. ఇక్కడి లెక్క ఒకటీ రెండూ మూడూ: మొదటి పాలు, రెండు గంటల్లోపు, మూడు లీటర్లు. అది పెద్ద జాతుల దూడలకు. మా డెక్స్‌టర్ దూడ దాని కడుపుకు తగ్గట్టు తానే తాగింది. పసుపచ్చని ఆ చిక్కటి పాలు చూసి నాకు జున్ను గుర్తొచ్చి, మూడోరోజు ఒక గ్లాసు తీసుకోవచ్చా అని అడిగాను. "ముందు దాని కడుపు నిండనీ, తరువాత నీ సంగతి చూద్దాం," అన్నాడు పెద్దాయన.

ఇరవై రోజుల్లోగా చెవి ట్యాగు వేయాలి. ఆ ట్యాగు చెవిలోంచి కొరికే చిన్న ముక్కనే బి.వి.డి. అనే, పశువులకు విరేచనాల రోగం తెచ్చే వైరస్ పరీక్షకు పోస్టులో పంపుతారు. 2013 నుంచి ప్రతి దూడకూ తప్పనిసరి.

ఫిబ్రవరి 5

ఒక గ్లాసు దొరికింది. బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికించాను. ఇంటావిడ రెండు చెంచాలు తిని బాగుందంది. పెద్దాయన ఒక్కటి తిని, దూడ దగ్గర లాక్కున్న సొమ్ము రుచిగానే ఉందన్నాడు.

ఏప్రిల్ 14

నాలుగు ఆవులూ, మూడు దూడలూ బయటికి. నల్లదొకటి ఇంకా ఈనలేదు. గేటు తీయగానే చూడి ఆవుతో సహా అన్నీ తోకలెత్తి పొలం చివరిదాకా పరుగెత్తాయి. పరుపు మొత్తం ఎత్తి దిబ్బకు చేర్చాము. అడుగు పొర రెల్లు ఇంకా పొడిగా, చేత్తో విరిస్తే విరిగేలా ఉంది. గోడ కూడా అంతే. అరచేయి ఆనిస్తే పొడి సున్నం అంటింది, తడి అంటలేదు. ఉత్తరపు మూల ఒక్క చోట మాత్రం రెండడుగుల మేర పచ్చగా పాకుడు పట్టింది. అక్కడ బయటి సందులు ఇంకోసారి తవ్వి చూడాలి.

సాయంత్రం వానకోవెల ఒకటి వచ్చి, పాత గూళ్ళ చుట్టూ రెండు మూడుసార్లు తిరిగి, దూలం మీద శిలువ పక్కన కూర్చుంది. తలుపు పై సగాన్ని సెప్టెంబరు దాకా మూయకుండా కొక్కేనికి తగిలించాను. తరువాత చేయాలనుకున్న పందుల దొడ్డి కప్పు పని కూడా ఇక అప్పటిదాకా ఆగవలసిందే.